మొహం కుదరని బొమ్మ

మళ్లీ వచ్చాడే నీ తమ్ముడు! నెత్తిన టూరు కంపెనీ టోపీ. చెప్పులైనా విప్పకుండా మెట్లెక్కేసి, "బావా, ఆగస్టు ఎనిమిది ఖాయం చేశా. నలభైమంది జర్మన్లు, అక్క కర్మ చూడ్డానికే వస్తున్నారు" అన్నాడు.

ఖాయం చేశాడట! వాళ్లకి కుర్చీలు కూడా వేయిస్తాడట!

ఇదిగో, కాఫీ. వేడిగా ఉంది, నెమ్మదిగా.

నిన్నటి టూరిస్టుల గుంపు సంగతి విన్నావా? స్తంభాల మీది వడ్ల గాదె కింద కూర్చుని చెక్కుకుంటున్నానా, చుట్టూ మూగారు. ఒకావిడ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది, ఫోటోకి! నన్ను! ఈ తొరాజా కొండల్లో, సమాధి గుహల ముందు నిలబెట్టిన, పోయినవాళ్ల బొమ్మల్లో సగం నా చేతివేనని తెలుసా దానికి? నే చెక్కిన తల్లి బొమ్మని చూసి ఓ కొడుకు "అన్నం తిన్నావా అమ్మా" అంటే, బొమ్మ తలూపింది. ఊరంతా చూసింది.

సరే, ఊరంతా కాదు. ఆ కొడుకు చూశాడు. నవ్వకు.

తర్వాత నీ కిటికీ కేసి వేలు చూపి, "ఆవిడ పోయి ఎన్నాళ్లయింది?" అంది. పోవడమేమిటమ్మా, అన్నాను. మూడేళ్లుగా జబ్బుగా పడుకుంది, అంతే. కర్మ రోజున బలిచ్చే మొదటి దున్న నేలకూలితే, అప్పుడు పోయినట్టు. ఆ దున్న కూలాలంటే ఆమె బొమ్మ పక్కన నిలబడాలి. ఆ బొమ్మ నేను చెక్కాలి.

ఆవిడ ముక్కు మూసుకుని అదంతా రాసుకుందే, లాయి బుంగా! ఈ గదిలో వాసనేమిటి? నా లవంగం చుట్ట వాసన!

దాన్ని వదిలెయ్. నీ తమ్ముడు సత్తు ఏమన్నాడో తెలుసా? "మూడేళ్లలో మూడు మానులు పాడుచేశావు బావా. కళ్లు పోయాయి, ఒప్పుకో. బజార్లో ఎవడికైనా ఇస్తే వారంలో చెక్కి పడేస్తాడు." నా ఇంటి మనిషికి పరాయివాడు మొహం పెడతాడా? ఉలి విసిరాను. తగల్లేదు, అది వేరే సంగతి. "పనస చెక్క చీలిందిరా" అన్నాను. "ఏటేటా చీలుతుందా?" అన్నాడు. అరుగు మీద కూర్చున్న వాళ్లందరూ ఒకటే నవ్వు. నన్ను, ఈ పలింగీని చూసి నవ్వడం!

జరుగు కాస్త. దగ్గరగా చెబుతా.

చెక్క చీలలేదు. నేనే చీల్చాను.

మూడుసార్లూ కుదిరింది. మూడోది మరీనూ. ఎడమ కనుబొమ్మ పైకెత్తి, "ఇక చాల్లే నీ కోతలు" అన్నట్టు చూసింది. నా జన్మలో అంత బాగా చెక్కలేదు. ఇది కోత కాదు, నిజం. ఒక్క నిమిషం చూసుకుని గొడ్డలి తీశాను. ఆ బొమ్మ నిలబడితే, దున్న కూలుతుంది. నువ్వు చచ్చిపోతావు.

నాలుగో మాను నిన్ననే తెచ్చాను. ఇదీ చీలుతుంది.

పలింగీకి చెయ్యి పడిపోయిందట, కొండంతా అదే మాట. అననీ.