వంటగది కిటికీలోంచి

ఇంగ్లండు ఉత్తరాన కొండల నడుమ ఒక ఊరు. ఊరి హాల్లో స్థానిక కౌన్సిల్ వాళ్ల ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతోంది. హాలుకి ఆనుకున్న వంటగదిలో, హాల్లోకి టీ అందించే కిటికీ దగ్గర డోరీన్, ఆమె మనవరాలు మెగ్.

"ఆ కప్పులు వదిలెయ్ అమ్మమ్మా. ఏ క్షణాన్నైనా నీ పేరు పిలుస్తారు."

"పిలవనీ. ముందు వరసకి ఇంకా టీ అందలేదు."

"ముందు వరసలో ఉన్నది కౌన్సిల్ వాళ్లు."

"అయితే? వాళ్ల గొంతులు ఎండవా? మధ్యాహ్నం నుంచీ తిట్లు తింటూ కూర్చున్నారు పాపం."

"మామయ్యలాంటి వాళ్లని పగలు చూసుకునే ఆ సెంటర్ మూసేయడానికొచ్చిన వాళ్లకి టీ కాస్తున్నావు నువ్వు."

"మూసేయడానికి కాదే. మనమేమనుకుంటున్నామో అడగడానికి. గోడ మీద పెద్దక్షరాలతో రాశారుగా."

"అడిగి మరీ మూసేస్తారు. లైబ్రరీ సంగతీ అలాగే అడిగారు. ఇప్పుడక్కడ ఏముంది? తాళం."

"ఆ చక్కెర ఇలా అందుకో."

"అసలీ టీ పని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఈ హాల్లో పెళ్లికైనా చావుకైనా టీ నాదే. ఇంకొకళ్లు ఆ బాయిలర్ ముట్టుకున్నారంటే ఊరంతా చల్లటి నీళ్లు తాగాలి."

"తాగనీ ఇవాళ్టికి. మాట్లాడతానని పేరిచ్చావు. గుర్తుందా?"

"పేరిచ్చింది నువ్వు. పేరు నాది, అంతే."

"నిన్నడిగే ఇచ్చాను. సరేనన్నావు."

"ఊఁ అన్నాను. ఊఁ అంటే సరే అనా?"

"అమ్మమ్మా!"

"అంత కావాలంటే నువ్వెళ్లి మాట్లాడు."

"నేనా? క్లాసులో హాజరు పలకడానికే నాకు గొంతు రాదు. టీచరు రెండుసార్లు పిలిచి, లేననుకుని ముందుకి పోతుంది."

"మరి నన్నెందుకు తోస్తావు?"

"మామయ్యకి ఆ సెంటర్ పోతే ఏమవుతుందో నీకు తెలుసు గనక. పొద్దున సెంటర్ బండెక్కేది లేదు, అక్కడి స్నేహితులు లేరు, ఆ బొమ్మల పని లేదు. వారమంతా ఇంట్లో, నువ్వూ ఆయనా. ఆయన ఒక్కడూ రోడ్డు దాటలేడు. చొక్కా గుండీలు నువ్వే పెట్టాలి. నీకా, ఎనభై వస్తున్నాయి."

"నా వయసు నాకు తెలీదా?"

"డోరీన్ గారూ, ఇంకో కప్పు దొరుకుతుందా?"

"ఎందుకు దొరకదు బాబూ డంకన్. ఇలా ఇవ్వు నీ కప్పు. ఈ అల్లం బిస్కెట్ కూడా తీసుకో, మధ్యాహ్నం ఏం తిన్నావో ఏమో."

"మీరొక్కరే నన్ను ఏం తిన్నావని అడిగింది. మా కౌన్సిల్ తరఫున మీకు రుణపడి ఉంటాం. ఇంట్లో ఎలా ఉందండీ, మీ అబ్బాయి క్లైవ్‌తో?"

"బాగానే ఉంది బాబూ. ఏదో నెట్టుకొస్తున్నాం."

"చాలా సంతోషం. మీలాంటి కుటుంబాలుండబట్టే మాకు కాస్త ధైర్యం. వస్తానండీ."

"మంచిది బాబూ. చూసుకో, కప్పు వేడిగా ఉంది."

"అమ్మమ్మా, ఇప్పుడేం చేశావో తెలుసా?"

"ఏం చేశాను? బిస్కెట్ ఇచ్చాను."

"కౌన్సిల్ మనిషితో బాగానే ఉందన్నావు! బాగానే ఉందంటే వాళ్లు బాగానే ఉందని రాసుకుంటారు."

"పలకరిస్తే మరేమంటారే? బాగున్నారా అంటే బాగున్నామనే అంటారు. మా అమ్మ చావు మంచం మీద కూడా డాక్టరుతో అదే అంది."

"పోయినసారి కౌన్సిల్ ఆవిడ మనింటికి చూడ్డానికొచ్చినప్పుడూ ఇంతే. ఇల్లంతా కడిగావు. కిటికీ తెరలు ఉతికావు. మామయ్యకి ఇస్త్రీ చొక్కా. కేకు! ఆవిడ రెండు ముక్కలు తిని, ఈ ఇంటికి అంత సాయం అక్కర్లేదని రాసి, మామయ్యకి సెంటర్లో వారానికో రోజు కోసేసింది."

"ఇంటికొచ్చిన మనిషికి మురికి గిన్నెలు చూపిస్తామా?"

"చూపించాలి! మన వీధి ఐరిస్ గారు చూపించలేదూ? ఉతకని దుప్పట్లన్నీ ముందు గదిలోనే పోసింది. వాళ్లకి సెంటర్లో రోజులు పెంచారు."

"ఐరిస్ ఇంట్లో దుప్పట్లు ఎప్పుడూ ముందు గదిలోనే ఉంటాయిలే."

"నవ్వించకు నన్ను. ఏదీ, ఆ చెయ్యి చూపించు."

"ఏ చెయ్యి?"

"చేతులు లేనట్టే మాట్లాడతావేంటి. ఆ చెయ్యే. పొద్దుటినుంచీ స్వెట్టర్ చేతిని కిందికి లాక్కుంటున్నావు... అమ్మో! ఎంత నల్లగా కమిలిపోయింది! ఎలా తగిలింది?"

"మొన్న ఇంట్లో మెట్ల దగ్గర కాలు జారింది. పెద్దదేం కాదు."

"ఎవరు లేపారు?"

"నేనే లేచాను."

"వెంటనేనా?"

"కాసేపటికి. క్లైవ్ సెంటర్లో ఉన్నాడు, నయం. చూసుంటే బెంబేలెత్తిపోయేవాడు. సాయంత్రం వచ్చాక చెయ్యి చూసి నన్ను కుర్చీలోంచి కదలనిస్తేనా? పక్కనే కూర్చుని ఊదుతూనే ఉన్నాడు."

"ఇదే చెప్పు అక్కడికెళ్లి. ఇంకేం వద్దు, ఇదొక్కటే చెప్పు."

"ముందు వరసలో డంకన్ పక్కన ఎవరున్నారో చూశావా?"

"మామయ్య. టై కట్టుకుని."

"తనే అడిగి కట్టించుకున్నాడు. పెద్దవాళ్ల సమావేశం కదమ్మా అని. వాడు వింటూ ఉంటే నేను లేచి, వీడికి స్నానం నేనే చేయించాలి, వీడు పక్క తడుపుతాడు, వీడు నాకు మోయలేని బరువైపోయాడు అని చెప్పనా? ఊరందరి ముందూ?"

"ఆయనకి అంతా అర్థమవుతుందా ఏంటి..."

"మాటలన్నీ అర్థమవుతాయి వాడికి. వాడేమనుకుంటాడో తెలుసా నీకు? తనే నన్ను చూసుకుంటున్నాననుకుంటాడు. పొద్దున్నే రొట్టెకి వెన్న రాసి పెడతాడు, సగం వెన్న బల్లకే. పడుకోబోయే ముందు తలుపు గడియ తనే వేసి, భయపడకమ్మా నేనున్నాగా అంటాడు. వాడి బతుకంతా అలాగే నమ్మించుకుంటూ వచ్చాను. ఇప్పుడు మైకు పట్టుకుని కాదనమంటావా?"

"ఇదంతా నాకు తెలీదు అమ్మమ్మా."

"ఏడవకు. ఆ ట్రే తుడువు."

"ఏడవట్లేదు. ఒక్కమాట చెప్పు. అలిసిపోయావా లేదా?"

"అలిసిపోనిదెవరే ఈ రోజుల్లో?"

"ఊరి సంగతి కాదు. నిన్నడుగుతున్నాను."

"అలిసిపోయానే మెగ్. ఎందుకడుగుతావు? పొద్దున బండొచ్చి వాణ్ణి తీసుకెళ్లగానే, తలుపేసి మెట్ల మీద కూర్చుండిపోతాను. కోటు కూడా విప్పను. అక్కడే నిద్ర పట్టేస్తుంది. నాకున్న నిద్ర అదొక్కటే. ఆ బండి రాకపోతే... ఏమో మరి. ఏమో."

"అయితే అది చెప్పు."

"ఏది?"

"మెట్ల మీద నిద్ర. స్నానం వద్దు, పక్క వద్దు, బరువూ వద్దు. మామయ్య పేరే రానక్కర్లేదు. నాకు నిద్ర కావాలి, ఆ బండి ఆపకండి అని చెప్పు. అందులో ఆయన చిన్నబోయేదేముంది?"

"అంతేనా?"

"అంతే."

"... అది చెప్పచ్చేమో."

"చెప్పచ్చు!"

"అరవకే. కౌన్సిల్ వాళ్ల మీద కోప్పడనక్కర్లేదు కదా?"

"కోప్పడకు. కావాలంటే చివర్లో థాంక్స్ చెప్పు. బిస్కెట్ మాత్రం ఇవ్వకు."

"ఈ ఏప్రన్ ముడి విప్పు. జుట్టెలా ఉంది?"

"బాగుంది. వద్దు, దువ్వుకోకు! అలాగే ఉండనీ, అలిసిపోయినట్టే ఉండనీ."

"ఏంటా చప్పట్లు?"

"ఎవరిదో మాట్లాడ్డం అయిపోయినట్టుంది. చాలా గట్టిగా కొడుతున్నారే! ఈ బాయిలర్ రొదలో ఒక్క ముక్క వినపడి చావలేదు. పద పద, నీ వంతొచ్చేస్తుంది."

"అమ్మా! అమ్మా, కిటికీ దగ్గరికి రా!"

"క్లైవ్! ఏంటి నాన్నా అలా పరిగెత్తుకొచ్చావు? ఆ టై చూడు, వెనక్కెళ్లిపోయింది."

"నిన్ను పిలిచారమ్మా. డోరీన్ ఆక్‌రాయిడ్ అని. రెండుసార్లు. నువ్వు టీ పనిలో ఉన్నావని నేను వెళ్లాను."

"ఎక్కడికి, మైకు దగ్గరికా?"

"ఆఁ. నాకేం భయమేయలేదు."

"ఏం చెప్పావు మామయ్యా?"

"అమ్మ పడిపోయిందని చెప్పాను. చెయ్యి నల్లగా అయిందని. నేను సెంటర్‌కి వెళ్లినప్పుడే పడిపోయిందని."

"చెప్పావా! బంగారం నువ్వు. అమ్మమ్మా, విన్నావా? నువ్వు చెప్పలేనిది ఆయనే చెప్పేశాడు. ఇంక వాళ్లు ఎలా కాదంటారు?"

"నీకు తెలుసా నాన్నా... నాకు కష్టంగా ఉందని?"

"తెలుసమ్మా. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డంకన్ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, నేనన్నది అన్నట్టే రాసుకున్నాడు."

"ఏమన్నావు నాన్నా?"

"సెంటర్ మూసేయండి అన్నాను. నేనింక రాను, ఇంట్లోనే ఉండి మా అమ్మని చూసుకోవాలి అన్నాను."