మేనత్త పోయిన రోజు

టోంగా రాజుగారి అక్క చనిపోయారు. ఆ ఇంటి వెనక వంటపాకలో ఇద్దరు ఆడవాళ్లు పెండలం దుంపలు చెక్కుతున్నారు.

"పిన్నీ, ఆ పొగలో చిరుగుల చాప చుట్టుకుని కూర్చున్న పిల్లెవరు? తొక్కతో పాటు సగం దుంప పారేస్తోందని ఇందాక కసిరాను."

"ఓసి నీ నోరు పడ! రాజుగారమ్మాయే."

"అయ్యో దేవుడా! మొన్న మా బడికి బహుమతులివ్వడానికి వస్తే, నేలమీద కూర్చుని తలే ఎత్తలేదు నేను. మొహమెలా తెలుస్తుంది? ఇక్కడెందుకున్నారు?"

"మేనత్త ముందు మేనకోడలెప్పుడూ తక్కువే, రాజు కూతురైనా సరే. అత్త పోతే మేనకోడలు చిరుగుల చాప చుట్టుకుని వంటపాకలో పనిచేయాల్సిందే. నువ్వు కసిరితే ఏమన్నారు?"

"'దుంప చెక్కడం అత్త నేర్పుతానంది, ఇంతలోనే పోయింది. నువ్వు నేర్పుతావా అక్కా?' అన్నారు."

"మరి లే."

"రాజుగారమ్మాయి ముందు తలెత్తి ఎలా కూర్చోను పిన్నీ?"

"అంత్యక్రియలయ్యాక మళ్లీ తలొంచుకుందువుగాని. ఇవాళ వెళ్లి నేర్పు."