దాలినాయుడి రెండు మూరల బ్లేడు

దాలినాయుడు. సెట్లు కోసే మిషనున్నోడు. మా ఊరు మొత్తానికి ఆయనొక్కడికే ఉండేది, అందుకని తలకాయ కొంచెం పైకే పెట్టుకుని నడిచేవోడనుకో. ఆ మిషను సిన్నది. దానికి మూరెడు బ్లేడు, బ్లేడు సుట్టూ తిరిగే పళ్ల చైను, ఆ చైనుని లాగడానికి ఇంజను కాడ ఓ బుల్లి పళ్ల చక్రం. జీడిమామిడి కొమ్మలు, ఎండిన పనసలు, ఏదిచ్చినా కోసేసేది. బాగున్నాది కదా, ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే ఆయన దాలినాయుడెందుకవుతాడు! ఏమైందంటే, పక్కూళ్లో బైరాగని ఇంకో కోతగాడున్నాడు. ఆడి మిషనుకి రెండు మూరల బ్లేడంట. ఆడు దాన్ని భుజానేసుకుని సంతలో ఎల్తంటే జనం దారిచ్చి తప్పుకున్నారంట. మరి తగిలితే తెగుద్ది, తప్పుకోరేటి! మనోడికేమో అది మర్యాదలాగ కనిపించింది. బైరాగి ఇంజను ఎంత లావుందో సూడలేదు, బ్లేడొక్కటే సూసినాడు.

ఎంటనే టౌనుకెల్లి, మిషన్లు బాగుసేసే కొట్లో, నాకూ రెండు మూరలది ఎయ్యి అన్నాడంట. కొట్టాయన ఈయన మిషనుని అటూ ఇటూ తిప్పి సూసి, 'బాబూ, నీ ఇంజనుకి అంత దమ్ము లేదు. పొడుగు బ్లేడంటే పొడుగు చైను, బరువు చైను. కర్రలో పడిందంటే లాగలేదు. కొనదాకా ఆయిలు కూడా సరిగ్గా ఎల్లదు' అన్నాడంట. ఈయన ఇంటాడా? దమ్ము లేకపోతే పెంచుదాం, ఆ పళ్ల చక్రం కూడా పెద్దదెయ్యి, చైను జోరుగా తిరుగుద్ది అన్నాడంట. కొట్టాయన మళ్లీ ఓపిగ్గా, 'జోరు పెరుగుద్ది బాబూ, బలం తగ్గుద్ది. ముందు చక్రం పెద్దదేసిన సైకిలు మిట్టెక్కేటప్పుడు తొక్కలేక దిగిపోతాం సూడు, అలాగే ఇదీని' అన్నాడంట. 'నాను దిగిపోయే మనిషిని కాదు' అన్నాడంట మనోడు. ఇంకేటంటాడు ఆయన? ఆయనకీ పనుంటాది కదా, బిగించి ఇచ్చేసినాడు. ఈయన ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి గాల్లో తిప్పినాడు. గుయ్యిమని ఒకటే మోత! కోళ్లు పారిపోయినాయి, దూడ పలుపు తెంపుకుంది. 'సూసినావా తవిటీ!' అని పెళ్లాన్ని పిలిచినాడు. తవిటమ్మ సీపురు పట్టుకునే సూసి, 'బాగున్నాది. గాలిని బాగా కోస్తంది' అంది.

అలాగుండగా తుపానొచ్చింది. తెల్లారేసరికి గెడ్డ ఒడ్డున ఎర్రమ్మ ఇంటి మీద పెద్ద నిద్రగన్నేరు సెట్టు పడిపోయున్నాది. ఎర్రమ్మంటే ఎవరనుకున్నావ్? దాలినాయుడి సొంత మేనత్త. తల్లి పోయినాక ఈయనకి ముద్దలు కలిపి పెట్టిన మనిషి. కప్పు కూలి, దూలం కాలి మీద పడి, లోపలే ఉండిపోయింది. గెడ్డ పొంగి నీళ్లు గుమ్మంలోకొచ్చేస్తన్నాయి. సెట్టు మొద్దేమో దూలాన్ని నొక్కేసి కూకుంది, దాన్ని కోసి దొర్లిస్తే గాని దూలం లెగదు. దాలినాయుడేడీ, దాలినాయుడేడీ అని జనం ఒకటే కేకలు. వచ్చినాడు, రెండు మూరల బ్లేడు భుజానేసుకుని. జనం దారిచ్చి తప్పుకున్నారు. సరే, ఆ ముచ్చటొకటి తీరింది. తాడు లాగినాడు, గుయ్యిమంది. మొద్దు మీద పెట్టినాడు. బెత్తెడు దిగిందో లేదో, గుర్రుమని ఆగిపోయింది. మళ్లీ లాగినాడు, మళ్లీ ఆగింది. చైనుకి ఆయిలందక కాలిపోతంది, ఇంజను మూలుగుతంది, పొగ మాత్రం బెమ్మాండంగా వస్తంది. లోపల్నుంచి ఎర్రమ్మ, 'ఒరే దాలీ, నన్ను తీడానికొచ్చినావా, పొగబెట్టడానికొచ్చినావా? నాను ఎలకననుకున్నావేట్రా?' అందంట. జనం నవ్వినారు. ఈయన నవ్వలేదు. లోపల నీళ్ల సప్పుడు ఈయనకి ఇనిపిస్తంది మరి. 'అత్తా, నీళ్లెందాకొచ్చాయే?' అంటే, 'నడుం దాకా. నువ్వు నీ సోకు కానీ, నాకేటి తొందర' అందంట.

అప్పుడొచ్చింది తవిటమ్మ, మోకాళ్ల లోతు బురదలో సంచి నెత్తినెట్టుకుని. సంచిలో ఏటున్నాదంటే, ఈయన పారెయ్యమన్న మూరెడు బ్లేడు, దాని చైను, ఆ బుల్లి చక్రం. పారెయ్యకుండా అటక మీద దాచింది. ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అందేమో అనుకుంటావు. అనలేదు. అత్త లోపలుంటే ఏటంటాది? 'బిగించు' అంది, అంతే. ఈయన కంగారులో నట్టు బురదలో పడేసుకుంటే, ఆవిడే ఎతికి తీసిచ్చింది. పాత చక్రం ఎక్కించి, మూరెడు బ్లేడు పెట్టి తాడు లాగినాడు. మోత పెద్దగా లేదు. మొద్దు మీద పెడితే మాత్రం ఆగలేదు, పొట్టు ఎగజిమ్ముతా దిగింది. మరి అంత లావు మొద్దుకి మూరెడు బ్లేడు సాలుద్దా అంటే, సాలదు. ఇటునుంచి కొంత కోసి, అటెల్లి అటునుంచి కొంత కోసినాడు. అంతే, అదేమన్నా మంత్రమా! మొద్దు ఇరిగింది, జనమంతా కలిసి దొర్లించినారు, దూలం ఎత్తినారు. నీళ్లు సంకల దాకా వచ్చేసినాక ఎర్రమ్మని బయటికి మోసుకొచ్చినారు. కాలు వాసిపోయింది గాని ఇరగలేదు. దాలినాయుడు ఆ కాలట్టుకుని సిన్నపిల్లోడిలాగ బోరుమన్నాడు. 'ఆపరా, ఉన్న నీళ్లు సాల్లేదేటి' అని ఆవిడ తడిసిన కొంగుతోనే ఆయన మొకం తుడిసింది.

ఆ తర్వాత బుద్ధొచ్చిందా అంటావా? రాకేం, వచ్చింది. ఆ ఇంజనుకి ఆ బ్లేడు తగదని ఇప్పుడు ఆయనే అందరికీ సెప్తాడు. నిన్న మళ్లీ టౌనుకెల్లినాడంట. ఎందుకంటే, ఆ రెండు మూరల బ్లేడుకి తగ్గ ఇంజను కొనడానికంట! అది ఉట్టిగా ఎత్తడానికే ఓ వస్తాదు కావాలి. ఈయనేమో బియ్యం బస్తా లేపాలంటే తవిటమ్మని కేకేస్తాడు. బ్లేడుకి తగ్గ ఇంజనంటే ఏదో ఒక కొట్లో దొరుకుద్ది లే. ఆ ఇంజనుకి తగ్గ దాలినాయుణ్ణి ఏ కొట్లో అమ్ముతారో, అది కూడా కనుక్కుని రమ్మందంట తవిటమ్మ.