ఎనిమిది పేజీల లోను

అల్లూరులో కాలేజీ గేటుకు ఎదురుగా అంకాలమ్మ టీ కొట్టు ఉంది. సాయంత్రం నాలుగయ్యేసరికి లైబ్రరీ అసిస్టెంటు యెహోషువ అక్కడి బెంచీ ఎక్కుతాడు, గోరంత జరిగితే కొండంత చెబుతాడు. మనిషి మంచివాడే, నోటికే హద్దు లేదు.

ఆ గురువారం ఉష కూడా వచ్చి కూర్చుంది. రొయ్యల జబ్బుల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు రాస్తున్న పిల్ల. సోమవారానికి ఇచ్చెయ్యాలి. ఒక్క వ్యాసం దొరక్క ఆఖరి అధ్యాయం ఆగిపోయింది. అది చూడకుండా రాస్తే సంతకం పెట్టనని గైడు తెగేసి చెప్పాడు. లైబ్రేరియన్ మేడం సెలవులో ఉంది కాబట్టి, పక్క రాష్ట్రంలోని లైబ్రరీ నుంచి దాన్ని తెప్పించే పని యెహోషువ మీద పడింది. వచ్చిందో లేదో అడుగుదామని వస్తే, ఆయన అప్పటికే రొయ్యల గుంటల కాపలాదారు పెంచలకృష్ణకు కథ మొదలుపెట్టేశాడు.

“ఇంటర్ లైబ్రరీ లోను అంటారు పెంచలకృష్ణా. మన దగ్గర లేని పత్రిక ఇంకో లైబ్రరీలో ఉంటే, అందులో వ్యాసం మెయిల్లో పంపిస్తారు. నేను ఫారం పంపినా. పావుగంటలో వచ్చేసింది.”

ఉషకు ప్రాణం లేచొచ్చింది. “వచ్చిందా అన్నా?”

“ఉండు తల్లీ, అసలు కథ ముందుంది. ఆ ఫైలు బరువు మామూలుగా లేదు. అది దిగేటప్పటికి ఊళ్లో లైట్లన్నీ మినుక్కుమన్నాయి, విడవలూరు దాకా ఫోన్లు మోగలా, గుంటల్లో రొయ్యలన్నీ తలలు పైకి పెట్టి, ఎవర్రా ఇది అని చూసినాయి!”

“మా గుంటలో చూడలేదే,” అన్నాడు పెంచలకృష్ణ.

“మీవి నిద్రపోతా ఉండుంటాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెయిలు కింద షరతు. కాపీరైటు! ఒక్కటే కాపీ అచ్చు తియ్యాల, ఫైలు చెరిపెయ్యాల. సరే, ఒక్కటే తీసినా. ప్రిన్సిపాలు వచ్చి నాకొకటి అన్నాడు. కుదరదు సార్ అన్నా. కలెక్టరు ఫోన్ చేసినాడు. కుదరదన్నా. ఢిల్లీ నుంచి ఎవరో పెద్దాయన హెలికాప్టరేసుకుని వచ్చినాడు.”

“హెలికాప్టరు యాడ దిగింది?” అంది అంకాలమ్మ పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

“నేను దిగనిస్తేగా! ఇంక ఫైలు చెరిపేది. డిలీటు మీద ఒక్క నొక్కు నొక్కినా చూడు, మన కంప్యూటర్లోనే కాదు, పంపినోళ్ల కంప్యూటర్లో పోయింది, అచ్చేసిన కంపెనీలో పోయింది, ఆఖరికి రాసిన ప్రొఫెసరు బుర్రలోంచి కూడా పోయింది! ఆయన లండన్ నుంచి ఏడుస్తా ఫోన్ చేసినాడు, ‘యెహోషువా, నేనేం రాసినానయ్యా?’ అని. ఎనిమిది పేజీలూ కామాలతో సహా ఒప్పజెప్పినా.”

పెంచలకృష్ణ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. ఉష నవ్వలేదు. సంచీలోంచి నోటుబుక్కు తీసి, పెన్ను మూత విప్పింది.

“అట్టయితే నాకూ చెప్పండన్నా, రాసుకుంటా. మూడో పేజీలో పట్టిక కావాల.”

యెహోషువ చల్లారిపోయిన టీని ఊదుకున్నాడు.

“పట్టికలు నోటితో చెబితే బాగుండవు తల్లీ.”

“సరే, అచ్చు తీసిన ఆ ఒక్క కాపీ ఇచ్చెయ్యండి.”

“అది మన దగ్గర యాడుంటది? పోయిన వారమే రిజిస్టరు పోస్టులో వెనక్కి పంపేసినా,” అన్నాడు. ఈ ఒక్క మాట మాత్రం కోతలు కాదు. నిజంగానే గర్వపడుతూ చెప్పాడు. “లోను కదమ్మా! ఒకరి సొత్తు ఉంచుకునే రకం కాదు నేను.”

ఉషకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

“పేరుకే లోనన్నా అది. ఆ కాగితం అడిగినోళ్లకే. నాకియ్యమనే కదా వాళ్లు పంపింది!”

కథలన్నీ ఎటుపోయాయో, యెహోషువ మొహం చూస్తే ఉషకు జాలి కూడా వేసింది.

“లేవండన్నా. ఇంకో ఫారం పంపుదురు గాని. ఇంకా మూడు రోజులుంది.”

ఆయన లేచి గేటు వైపు నడిచాడు. వెనక నుంచి అంకాలమ్మ గొంతు వినిపించింది.

“ఊరందరి నుంచీ కాపాడినావు సరే యెహోషువా, కావాలన్న పిల్లకి కూడా అందకుండా కాపాడినావు గదయ్యా!”