లీటరుకి రెండు మిల్లీలీటర్లు

నలభై ఏళ్ళు ఆసుపత్రిలో మందులు కలిపి రిటైరైన కాంపౌండరుగారు బాల్కనీలో టమాటా మొక్క ముందు సిరంజి పట్టుకుని నిలబడిపోయారు. ఇందాక మందు పోశారో లేదో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు.

"ఏమేవ్, దీనికి ఎదుగుదల మందు పోశానా?"

"పోశారండీ" అంది భార్య, బట్టలు ఆరేస్తూ.

"లీటరు నీళ్ళకి రెండు మిల్లీలీటర్లేగా కలిపాను?"

"అంతే."

"మరి మట్టి ఇంత బురదగా ఉందేం? రెండోసారి గానీ పోశానా?"

"మూడుసార్లు పోశారు."

"మూడుసార్లా! పదిహేను రోజులకోసారి పొయ్యాల్సిన మందే అది! వేళ్ళు మాడిపోవూ? చూస్తూ ఊరుకున్నావా?"

"ఏం కాదు. ఆ మందు సీసాలో ఉన్నవి టీ నీళ్ళు."

ఆయన సీసా మూత తీసి వాసన చూశారు. టీ నీళ్ళే.

"ఎవరు మార్చారు?"

"నేనే. పోయిన నెల ఆకులన్నీ మాడిపోయాయి కదా, అప్పుడు."

కోప్పడాలో సిగ్గుపడాలో ఆయనకి తెలియలేదు.

"మరి అసలు మందు?"

"నేను పోస్తున్నాను. పదిహేను రోజులకోసారి, మీరు చెప్పిన కొలతే."

"నీకెప్పుడు చెప్పాను?"

ఆమె తడి చేతులు తుడుచుకుని వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"రోజూ చెబుతున్నారుగా. మళ్ళీ చెప్పండి, వింటాను."