ఎండిన కట్టె అని చెప్పినందుకు

హలో… ఆఁ, నేనే. ధూల్‌పేట్ నుంచి, మీ గణపతిని చేసినోన్ని… అనురాగ్, ఆ బ్యాండు జర ఆపించు, ఏం ఇనవడ్తలేదు.

…బండి యాడున్నది?… పత్తర్‌గట్టి కాడనా? ఆడనే ఆపు. ముందుకు పోనియ్యకు.

…ఏమైందంటే… అంత ఆ స్రవ్య పెట్టిన లొల్లి! మా అన్న బిడ్డ… ఆఁ, ఇంజినీరింగ్ పిల్లనే. నిన్న మన మూర్తిని అచ్చం గట్లనే కంప్యూటర్ల నిలబెట్టి, అడిగితే మాట్లాడేటట్టు గుడ చేసింది. అండ్లనే బండెక్కించి, గుంతలల్ల ఊపి చూసింది… పడ్డది. పడి ఊకుంటదా? ఎందుకు పడ్డనో అదే చెప్పవట్టె! ‘ఎడమ కాలు లోపటి కట్టె పచ్చిది, నా బరువు ఆపలేదు’ అని.

…నవ్వకు భాయ్. నాకు మస్తు మండింది. ఏడో తరగతి ఇడిశిపెట్టిన కాడికెళ్లి ఇదే పని చేస్తున్న, నాకు చెప్పొచ్చిందా అని.

…ఇను. ‘కాకా, కట్టె నిజంగ పచ్చిదేనా?’ అని అడిగింది పిల్ల… ఎండిందే అన్న.

…అబద్ధమే చెప్పిన. ఈ వానలకు ఎండిన కట్టె యాడ దొరికింది?

…కాలు పగలగొట్టి మార్చొచ్చు, ఔ. కండ్లు దిద్దేసిన గద అప్పటికే! కండ్లు తెరిచినంక ఆయినె దేవుడు. దేవుని మీద ఉలి ఎట్ల పెడ్త?

…ఆఁ, కట్టె ఎండిందని కంప్యూటర్ల రాసి మల్ల ఊపి చూసింది. పడలే. ‘ఎందుకు పడలే’ అంటే ఆ మూర్తి ఏమన్నదో ఎరుకేనా? ‘కట్టె ఎండిందని మీరు చెప్పిన్రు, గందుకే నిలబడ్డ’ అన్నది… గా మాట నన్ను తింటున్నది, అనురాగ్.

…తిట్టు. తర్వాత కడుపునిండ తిట్టు. ముందుగాల, మూర్తి కాల్లకాడ ఎవరు కూసున్నరు?… పిల్లలా! దించు, దించు వాల్లను! ఎడమ దిక్కు ఎవల్నీ నిలవడనియ్యకు…

…దిగిన్రా? అందరు?… హమ్మయ్య.

…క్రేన్ తీస్కొని నేనే వస్త. వాపస్ తెచ్చి కాలు తెరుస్త. పాపం తగిల్తే నాకే తగలనీ.

…లే, పండుగకు అందది. మీ పైసలు మీకిస్త… యాడికెళ్లి అంటే? షెడ్డు అమ్ముత. గుండయ్య సేఠ్ ఎప్పటిసంది అడుగుతున్నడు… ఔ, మూర్తులు చేసే షెడ్డే. ఇంకోటి యాడున్నది నాకు?

…అండ్ల ఏమున్నది ఫికర్… షెడ్డంత కలిపి నలభై రెండు గజాలు. ఫోన్ పెట్టేస్తున్న.