పదిహేడో వరస

ఆదివారం మధ్యాహ్నం. ఆరో అంతస్తులో పెట్టుబడుల ఆఫీసు. లోపల ఇద్దరే: యజమాని, అతని భార్య తమ్ముడు.

"పదహారు తర్వాత పద్దెనిమిది ఎలా వచ్చిందిరా?"

"ఏంటి బావగారూ?"

"లిస్టు. పదిహేడో వరస ఏది?"

"ఉండాలే... చెరిగిపోయినట్టుంది."

"చెరిగిపోయిందా, చెరిపేశావా?"

"వేలెడంత వెబ్‌సైటు బావగారూ. పనికిరాదు. మీ టైము..."

"నా టైము సంగతి నీకెందుకు? ఏ సైటుకి జనం ఎగబడుతున్నారో చూసి, పదిమందికీ తెలిసేలోపు నాకు చెప్పడానికే నీకు జీతం. పనికొస్తుందో రాదో తేల్చేది నేను. లే, ఆ తలుపు... వద్దులే, నేనే వేస్తా."

"తాళం ఎందుకు? ఆదివారం ఎవరొస్తారు?"

"రాకూడదనే. ఇదిగో తాళంచెవి, టేబుల్ మీద. వాచీ కూడా. ఇప్పుడు చెప్పు."

"చెప్పడానికేం లేదు... అమ్మా!"

"మీ అక్కా ఇంతే, ఒకటి పడితేగాని నోరు పెగలదు. ఏం కంపెనీ?"

"కర్టెన్లది. ఇంటికొచ్చి కిటికీలు కొలుచుకుని వెళతారు. అంతే."

"ఎంతమంది చూస్తున్నారు?"

"పోయిన నెల నాలుగు వేలు."

"అంతకుముందు?"

"గుర్తు లేదు."

"ఉండు, ఈ డ్రాయరు బిగుసుకుపోయింది... ఆఁ, వచ్చింది. వేలు ఇందులో పెట్టు. మూస్తే అన్నీ గుర్తొస్తాయి."

"వద్దు బావగారూ, వద్దొద్దు, చెబుతా... అబ్బా! పదమూడు వందలు! దానికి ముందు నాలుగొందలు!"

"నెలనెలా మూడింతలా! ఇలాంటిదాన్ని చెరిపేస్తావా? నా ఉప్పు తింటూ ఎవడికి అమ్ముకున్నావు? ఎవడికి?"

"ఎవరికీ కాదు, ఒట్టు."

"రక్తం తుడుచుకో, కీబోర్డు మీద కారుతోంది. ప్రకటనలు ఇస్తున్నారా?"

"లేదు. అందరూ పేరు గుర్తుపెట్టుకుని, తామే టైపు చేసి వస్తున్నారు."

"అంటే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఇంకేం కావాలిరా దరిద్రుడా! రేపే వాళ్ళతో మాట్లాడతా. సైట్లో ఎంతసేపుంటున్నారు?"

"నలభై సెకన్లు."

"నలభై సెకన్లలో కర్టెన్లు ఎవరు ఎంచుకుంటారు?"

"ఏమో."

"నీళ్ళు నమలకు. రంగులు చూస్తున్నారా? ధరలు?"

"ఆ పేజీలు ఎవరూ తెరవరు. కొలతలకి రమ్మని రాసే పేజీ ఒక్కటే."

"ఏ టైములో వస్తారు?"

"బావగారూ, కాస్త మంచినీళ్ళు..."

"ఏ టైములో?"

"పొద్దున తొమ్మిదిన్నర తర్వాత. సాయంత్రం ఆరు లోపు. ఆదివారాలు సున్నా."

"మగాళ్ళు ఇంట్లో ఉంటే ఎవరూ చూడరన్నమాట. చూసినవాళ్ళు క్షణం ఆగరు. కర్టెన్లు కొనరు. ఇదేం వ్యాపారంరా?"

"అందుకే పనికిరాదన్నా."

"ఆగు. ఆగాగు. పొద్దున మీ అక్క ఏదో అంది... కర్టెన్ల కొలతలకి ఎవరో వస్తారని."

"అందా?"

"ఆదివారం పూట లిస్టు చూద్దాం రమ్మని పిలిచింది నువ్వు కదూ?"

"నేనే."

"ఉండు, ఫోన్ చేస్తా... ఎత్తదేం? ఎత్తవే! ఎత్తు!"

"ఎత్తదు బావగారూ. పదకొండింటికే ఆ కర్టెన్లవాళ్ళ వ్యాను ఎక్కేసి ఉంటుంది."

"చంపేస్తా! ఎక్కడ దాక్కున్నా వెతికి చంపేస్తా దాన్ని! ముందు ఇంటికి... తాళంచెవేది? ఇక్కడే పెట్టానే, తాళంచెవేది?"

"కొట్టేముందు తలుపుకి తాళం వేసి, తాళంచెవి వాచీ పక్కన పెడతారని అక్క చెప్పింది. మీరు డ్రాయరు లాగడానికి వంగినప్పుడే కిటికీలోంచి విసిరేశా. కూర్చోండి బావగారూ. నాకింకా తొమ్మిది వేళ్ళున్నాయి."